పన్నెండు నేలలు: తొమ్మిదో భాగం – పొగమంచులో మూడో ఆట

శుక్రవారం సాయంత్రం ఐదు గంటల లోపల రూల్సమ్మ చేసి తీరవలసిన పనులు ఇవి.

చిత్తడినేల పేజీలో గుర్రాలకు సగం నడక అని రాసి ఏనుగుల సంగతి మరిచిపోయింది, అది చేర్చాలి. నిద్రపోయే కొండ ఏ పాచికకు ఒళ్లు విరుచుకుంటుందో ఒకచోట ఐదనీ ఒకచోట ఆరనీ ఉంది, ఏదో ఒకటి ఖాయం చేయాలి. అచ్చులు పోసేవాడి దగ్గరికి వెళ్లి, వంతెన మెట్టు వెడల్పు బొమ్మ కాళ్లకింది బిళ్లకు సరిపోయిందో లేదో సైనికుణ్ణి నిలబెట్టి మరీ చూడాలి. స్నానాలగదిలో బల్బు పోయి మూడు రోజులైంది, కొనాలి. పుస్తకం ఆఖరి పేజీలో "ప్రతి నేలనూ నలభైసార్లు ఆడి చూశాం" అన్న వాక్యం కింద సంతకం పెట్టాలి.

ఇవన్నీ కాగితం మీద రాసుకుంది. ఆరో పని రాసుకోలేదు. రాస్తే ఆ కాగితం ఎవరి కంటైనా పడుతుందని భయం. ఆ పని, మామయ్యగారిని నిలదీసి అడగడం.

కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్లు తడబడకుండా నాలుగు మాటలు.

రూల్సమ్మ పనిచేసే కార్ఖానాలో వేలెడంత సైనికులు తయారవుతారు. కత్తులవాళ్లు, విల్లంబులవాళ్లు, రెక్కల గుర్రాలు, మూడు తలల రాక్షసులు. కొనుక్కున్నవాళ్లు వాటికి రంగులేసుకుని, బల్ల మీద రెండు సేనలుగా నిలబెట్టి, టేపుతో నడక కొలుచుకుంటూ, పాచికలు వేసుకుంటూ యుద్ధం చేస్తారు. ఇన్నాళ్లూ బల్ల మీద చెట్టు పెట్టినా, చెరువు పెట్టినా అవి చూడ్డానికే. చెట్టు చెట్టులా, నీళ్లు నీళ్లలా అడ్డం పడాలంటే నియమాలు కావాలి. ఆ నియమాల పుస్తకమే "పన్నెండు నేలలు". పదకొండు బాగానే కుదిరాయి. పన్నెండోది పొగమంచు, దానితోనే వచ్చింది చిక్కంతా.

పొగమంచు అంటే బల్ల మీద పరిచిన దూది. దూదిలోకి నడిచిన సైనికుణ్ణి బల్ల మీంచి తీసేయాలి. వాడు ఏ మూల ఉన్నాడో, ఎటు నడవబోతున్నాడో చీటీ మీద రాసి, మడిచి, బోర్లించిన కప్పు కింద పెట్టాలి. శత్రువు జానెడు దూరానికి వస్తే తప్ప ఆ చీటీ విప్పకూడదు. మంచులో ఉన్నవాణ్ణి కొట్టకూడదు. అంతే రూలు.

మొన్న బుధవారం ఇద్దరు కాలేజీ అమ్మాయిలు కార్ఖానా హాల్లో ఆ రూలుతో ఆడారు. ఇద్దరూ సేనల్ని మంచులోకి నడిపించారు. ఆ తర్వాత ఒక్క సైనికుడు కూడా బయటికి రాలేదు. ముందు బయటికొచ్చినవాడే ముందు దెబ్బ తింటాడని ఇద్దరికీ అర్థమైపోయింది. గంటన్నరసేపు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, "ఉన్నచోటే ఉంటాను" అని చీటీలు రాసుకున్నారు. చివరికి ఒకమ్మాయి ఆవలించి, "అక్కా, ఇది యుద్ధమా, డాక్టరు దగ్గర టోకెను తీసుకుని కూర్చోవడమా?" అంది.

ఆ మాట రూల్సమ్మను వదల్లేదు. ఆ రూలును నలభైసార్లు ఆడి చూసినట్టు తన దగ్గర నలభై రిపోర్టులున్నాయి. ఆడినవాళ్లు ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు కాదు. ఒకరు ఆమె మామగారు, భూముల కొలతలు కొలిచి రిటైరైన సర్వేయరు. రెండోవారు ఆయన ప్రాణస్నేహితుడు, గడియారాలు బాగుచేసే మేస్త్రి. ప్రతి రిపోర్టు కిందా సర్వేయరు గారి చేతిరాత ఒకేలా ఉంటుంది. "ఎర్ర సేన: నేను. నీలి సేన: వాడు."

బుధవారం ఇంటికి రాగానే ఆమె ఆ నలభై కాగితాలూ నేల మీద పరుచుకుంది. ఒకటో ఆట, రెండో ఆట రిపోర్టుల్లో, "రెండు గంటలు కూర్చున్నాం. వాడు కదలడు. నేను కదలను. టీ రెండుసార్లు" అని ఉంది. అప్పట్లో అది చదివి నవ్వుకుంది. ఇప్పుడు నవ్వు రాలేదు. నాలుగో ఆట నుంచి నలభై ఒకటో ఆట దాకా, ముప్పై ఎనిమిది ఆటల్లో, ఎవరూ ఒక్కసారీ ఆగలేదు. మంచులోకి వెళ్లడం, టకటకా బయటికి రావడం, గెలవడమో ఓడడమో. మూడో ఆట రిపోర్టే లేదు.

గురువారమంతా ఆమె కార్ఖానాలో ఏదో ఒకటి సర్దుతూనే గడిపింది. ఒకే పెన్సిలును నాలుగుసార్లు చెక్కింది. శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు, వెళ్లవలసిన బస్సును వదిలేసి, ఎదురుగా వచ్చిన బస్సెక్కి రెండో స్టాపులో, మామగారింటి దగ్గర, దిగింది.

తలుపు తీసింది అత్తయ్య. చేతిలో పేపరు, నుదుటి మీదికి నెట్టిన కళ్లజోడు.

"పని రోజున వచ్చావేంటే? ఒంట్లో బాగుందా?"

"బాగుంది అత్తయ్యా. మామయ్యగారు ఉన్నారా?"

"ఎక్కడికి పోతారు. మేడ మీద ఆడుతున్నారు."

"మేస్త్రి బాబాయ్ వచ్చారా?"

అత్తయ్య పేపరు మడిచింది. మడిచినదాన్ని మళ్లీ మడిచింది. ఇక మడవడానికి వీల్లేనంత చిన్నదయ్యాక చంకలో పెట్టుకుంది.

"చూడూ, నేను నీకు ఏమీ చెప్పనని ఆయన నాచేత ఒట్టు వేయించుకున్నారు. అందుకని నేనేం చెప్పను. ఆర్నెల్ల నుంచి పై గదిలో రెండు గొంతులు వినిపిస్తున్నాయి. రెండూ ఈయనవే. నేను మాత్రం ఏం చెప్పలేదు, గుర్తుపెట్టుకో."

రూల్సమ్మ చెప్పులు విడిచి మెట్లెక్కింది. ఏడో మెట్టు మీద ఆ గొంతులు వినబడ్డాయి.

"ఏరా చిన్నముల్లూ, నీ వంతే. వేస్తావా, పడుకుంటావా?"

కాస్త ఆగి, అదే గొంతు, సాగదీసుకుంటూ, ముక్కుతో: "తొందరేంట్రా గొలుసూ. నువ్వు కొలిచే పొలాలేమైనా పారిపోతున్నాయా?"

పెద్దముల్లంత తొందర లేదని మేస్త్రికి చిన్నముల్లు అనీ, మెడలో కొలత గొలుసు వేసుకుని ఊళ్లు తిరిగాడని సర్వేయరుకు గొలుసు అనీ ఒకరికొకరు పెట్టుకున్న పేర్లు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన మొదటి ఆదివారమే రూల్సమ్మ ఆ పేర్లు విని నవ్వాపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది. ఇవాళ మెట్టు మీద నిలబడి, వినకూడనిది వింటున్నదానిలా సిగ్గుపడింది. గట్టిగా దగ్గి పైకి వెళ్లింది.

కిటికీ పక్కన పెద్ద బల్ల ఉంది. దాని మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఆ పక్కన రెండు స్టూళ్ల మీద అడ్డంగా వేసిన చెక్కపలక, దాని మీద దూది, ప్లాస్టరు కొండలు, ఎర్ర సేన, నీలి సేన. సర్వేయరు గారు నీలి సేన వైపు కుర్చీలో ఉన్నారు. నెత్తిన ఆయనది కాని ఉన్ని టోపీ. కోడల్ని చూడగానే టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"రా అమ్మాయ్, రా. రిపోర్టు ఆదివారం నేనే ఇచ్చేవాణ్ణిగా. ఇంకా ఏమైనా కావాలా? నలభై రెండోది ఆడుతున్నాం."

"ఆడుతున్నామా, ఆడుతున్నానా మామయ్యగారూ?"

ఆ ప్రశ్న అంత సూటిగా బయటికి వస్తుందని ఆమె అనుకోలేదు. దారి పొడుగునా వేరే మాటలు కూడబలుక్కుంది. ఆయన పాచికలు ఏరి గుప్పిట్లో పట్టుకున్నారు. గుప్పిట్లోనే గలగలలాడించారు.

"మీ అత్తయ్య చెప్పిందా?"

"ఆవిడ ఏం చెప్పలేదని రెండుసార్లు చెప్పారు. నాకు మంచే చెప్పింది. బుధవారం హాల్లో ఇద్దరు పిల్లలు ఆడితే ఒక్క సైనికుడు బయటికి రాలేదు. మీ రిపోర్టుల్లో ముప్పై ఎనిమిదిసార్లు ఎవరూ నిమిషం కూడా ఆగలేదు. ఎలా కుదిరింది?"

"పిల్లలకి ధైర్యం తక్కువ."

"మామయ్యగారూ."

"సరే." పాచికలు పలక మీద పెట్టారు. ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, అది కూలితే మళ్లీ నిలబెట్టారు. "నేను ఆడకుండా రాయలేదు. ఆ మాట ముందు విను. ప్రతి ఆటా ఆడాను. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా. ఇటు కూర్చున్నప్పుడు నాలా ఆడాను, అటు కూర్చున్నప్పుడు వాడిలా ఆడాను. వాడి ఎత్తులు నాకు తెలియనివా? వాడు పాచిక వేసే ముందు ఊదుతాడు. నేనూ ఊదాను."

"ఊదడం తెలుస్తుంది. చీటీ సంగతో? ఇటు కూర్చుని చీటీ రాసి, అటు వెళ్లి కూర్చుంటే దాన్లో ఏముందో మర్చిపోతారా?"

"మొదట్లో కుదిరేది కాదు. తర్వాత పది చీటీలు రాసి, కళ్లు మూసుకుని ఒకటి తీసేవాణ్ణి. కొంతవరకు కుదిరింది." ఆయన గొంతు తగ్గింది. "ఒక్కటే కుదరలేదమ్మా. కూర్చోవడం. వాడుంటే ఎంతసేపైనా కూర్చునేవాణ్ణి. ఎదురుగా వాడు కూడా కూర్చునుంటాడు కదా, అదో పంతం. ఒక్కణ్ణే అయితే ఐదు నిమిషాలు కూర్చోలేకపోయాను. ఎవరో ఒకణ్ణి మంచులోంచి బయటికి తోసేసేవాణ్ణి. చస్తే చచ్చాడు, ఆట ముందుకు పోనీ అని."

తప్పు ఎక్కడుందో రూల్సమ్మకు ఇప్పుడు తెలిసింది. ఎదురుచూసే మనిషిని పట్టుకోవలసిన రూలును, ఎదురుచూడలేని మనిషి ఒక్కడే ఆడి చూశాడు. రిపోర్టులో ఒక్క అంకె కూడా దొంగది కాదు. అయినా ఒక్కటీ పనికిరాదు.

"బాబాయ్ ఎందుకు రావట్లేదు?"

ఆయన లేచి పెద్ద బల్ల దగ్గరికి వెళ్లారు. దుప్పటి అంచు రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా వెనక్కి లాగారు, నిద్రపోతున్న పసిపిల్ల మీంచి తీసినట్టు. కింద ఒక ఆట సగంలో నిలిచి ఉంది. దూది ఒక అంచున పసుపుపచ్చగా మారింది. విరిగిన గోడ బొమ్మ, దాని వెనక ఒక ఎర్ర విలుకాడు. దూదికి అవతల బోర్లించిన కప్పు.

"మూడో ఆట," అన్నారు. "నా విలుకాడు మంచులోంచి బయటికొచ్చి ఈ గోడ వెనక నిలబడ్డాడు. వాడి రాక్షసుడికి నా విలుకాడు కనిపిస్తే కొట్టొచ్చు. కనిపించకపోతే కుదరదు. గడ్డం బల్లకి ఆనించి, రాక్షసుడి కళ్ల ఎత్తున చూశాను. ఏం కనిపించలేదు. వాడొచ్చి చూశాడు. తురాయి కొస కనిపిస్తోందన్నాడు. ఏదిరా అని మళ్లీ చూస్తే, వాడేం చేశాడో తెలుసా? కంటికి పెట్టుకునే ఆ గడియారాల అద్దం తీసి, అది పెట్టుకుని చూస్తున్నాడు."

"భూతద్దంతోనా?"

"భూతద్దంతో చూస్తే చీమ మీసాలు కూడా కనిపిస్తాయి. రాక్షసుడికి అద్దం ఉందట్రా అన్నాను. నా కళ్లు మసకబారాయి, అద్దం లేకపోతే నాకు గోడే కనిపించదు అన్నాడు. మాటా మాటా పెరిగింది. నేను..." ఆయన దుప్పటి చివర ముడి వేసి, విప్పారు. "మోసగాడివిరా అన్నాను."

"అన్నారా?"

"అనేశాను. నలభై ఏళ్లలో ఆ మాట ఎప్పుడూ రాలేదు మా మధ్య. వాడు ఏం అనలేదు. తిడితే బాగుండేది. అద్దం జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. టోపీ మర్చిపోయాడు. టోపీ కోసం రేపొస్తాడులే అనుకున్నాను."

రూల్సమ్మ బోర్లించిన కప్పు వైపు చూసింది. "ఆ కింద చీటీ ఉందా?"

"ఉంది. వాడి నీలి గుర్రాలు మంచులో ఎక్కడున్నాయో అందులో రాశాడు."

"ఇప్పటిదాకా విప్పలేదా?"

"జానెడు దూరానికి వస్తే తప్ప విప్పకూడదు కదా. నువ్వే రాశావు."

"ముప్పై ఎనిమిదిసార్లు నీలి సేన వాడు, వాడు అని రాయగలిగారు. ఈ ఒక్క కప్పు ఎత్తలేకపోయారా?"

"అది వాడు రాసింది అమ్మా," అన్నారాయన, ఇంత తేలిక విషయం ఈ పిల్లకు ఎందుకు అర్థం కావడం లేదన్నట్టు. "వాడు లేకుండా విప్పితే మోసం."

కింద వంటింట్లో ఏదో గిన్నె మోగింది. రూల్సమ్మ చూపు విరిగిన గోడ మీద నిలిచింది. ఆ గోడ రూలు తనకు కంఠతా వచ్చు. మూడో నేల. అచ్చులో పదహారేసి పేజీలు ఒక ఫారం; ఇది రెండో ఫారం, ఇరవై ఒకటో పేజీ. ఆరు నెలల కిందట ఒక ఆదివారం భోజనాల దగ్గర మామయ్యగారు మాటవరసకు అన్నట్టుగా ఒక వాక్యం చెప్పారు. బాగుంది, నవ్వు తెప్పించేలా ఉందని ఆమె యథాతథంగా చేర్చింది. "గోడ వెనక ఉన్నవాడు కనిపిస్తున్నాడో లేదో ఉత్త కంటితోనే చూడాలి. భూతద్దం, అద్దం పెట్టుకుని చూసేవాడి మాట చెల్లదు."

"గోడ పేజీలో ఆ మాట..." అంది.

ఆయన కిటికీలోంచి బయటికి చూడసాగారు. అక్కడ చూడ్డానికి ఎదురింటి గోడ తప్ప ఏమీ లేదు.

"అప్పుడు కోపంలో ఉన్నాను."

"నా చేత రాయించారు."

"రూలుగా చూస్తే అది సరైనదే అమ్మాయ్."

"సరైనదో కాదో తర్వాత. మీ తగాదాలో తీర్పు నా చేత రాయించారు, నాకు చెప్పకుండా. అది వారం కిందటే అచ్చయిపోయింది." "మామయ్యగారూ, మా ఇంట్లో సంతకం పెట్టడం నాతోనే మొదలైంది. మా అమ్మ ఇప్పటికీ వేలిముద్రే వేస్తుంది. నాన్న తన పేరు రాయడం నేర్చుకున్నది నా డిగ్రీ ఫారం మీద రాయడానికి. నేను సంతకం పెట్టానంటే మా అమ్మ పక్కింటివాళ్లని పిలిచి చూపిస్తుంది. ఇవాళ సాయంత్రం నలభైసార్లు ఆడి చూశాం అన్న మాట కింద నా పేరు పెట్టాలి. మీరే చెప్పండి, పెట్టనా?"

ఆ గదిలో ఆమె అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు. సర్వేయరు గారు నీలి వైపు కుర్చీలో కూర్చోబోయి, ఆగి, నిలబడే ఉండిపోయారు.

"పెట్టకు," అన్నారు.

ఆమె వరండాలోకి వెళ్లి కార్ఖానాకు ఫోన్ చేసింది. యజమానురాలిని అందరూ పెద్దక్క అంటారు. పెద్దక్క గొంతు వెనక అచ్చులు చల్లబరిచే ఫ్యాన్ల హోరు వినిపించింది. రూల్సమ్మ దాచకుండా చెప్పింది. ఎవరు ఆడారు, ఎలా ఆడారు, ఎన్ని చెల్లవు. తప్పు మామగారి మీదికి నెట్టకుండా, "పొరపాటు నాది. నలభై రిపోర్టులు చదివి కూడా చూసుకోలేదు" అంది.

"అట్ట మీద పన్నెండు నేలలు అని అచ్చయి కూర్చుంది," అంది పెద్దక్క. "లోపల పదకొండే ఉంటే, పన్నెండోది మంచులో ఉండి కనపడలేదని చెబుదామా?"

"లేదక్కా."

"ఐదింటికి ప్రెస్సాయన మనిషి ఆఖరి ఫారం కోసం వస్తాడు. ఈలోగా రూలు సరిచెయ్యి. సరిచేసినదాన్ని ఇద్దరు మనుషులు, ఇద్దరంటే ఇద్దరు, ఒక్క ఆట చివరిదాకా ఆడాలి. నలభై అన్న అంకె తీసేద్దాం. ఎన్ని ఆడితే అన్నే వేద్దాం, సిగ్గేం లేదు. అది కూడా కాకపోతే పుస్తకం ఆపేస్తాను. ఆపితే ఈ ఏడాదికి ఇంతే. అర్థమైందా?"

"అర్థమైంది."

"నువ్వు మాత్రం ఆడకు. రాసినవాళ్లు ఆడితే కాగితం మీద లేనిది కూడా బుర్రలోంచి తీసి ఆడేస్తారు."

ఆమె గదిలోకి తిరిగి వచ్చేసరికి సర్వేయరు గారు పెద్ద బల్ల దగ్గర దూది అంచును వేలితో ఒత్తుతున్నారు.

"సర్వే పనికి తెల్లవారకముందే పోయేవాళ్లం," అన్నారు, తనలో తాను అనుకుంటున్నట్టు. "మంచు పట్టేస్తే గొలుసు అవతలి కొస కనపడేది కాదు. చెట్టు కింద కూర్చునేవాళ్లం. కూర్చోవడం నాకప్పుడు బాగానే వచ్చు. ఎందుకంటే మనం కూర్చున్నా మంచు కూర్చోదు. ఎనిమిదింటికల్లా గట్లు కనపడేవి, తొమ్మిదింటికి పొలం. నీ మంచు ఎప్పటికీ కరగదేంటమ్మా?"

రూల్సమ్మ గబగబా సంచిలోంచి పెన్సిలు తీసింది. ప్రతి వంతుకూ మంచు అంచు చుట్టూరా రెండు వేళ్ల వెడల్పు దూది తీసేయాలి. బట్టబయలైన సైనికుడు ఎక్కడుంటే అక్కడ బల్ల మీద నిలబడాలి. దాక్కుని కూర్చుంటే కూర్చో, చివరికి నీ చుట్టూ ఏమీ మిగలదు. రాసి, చదివి, ఒక మాట కొట్టేసి, మళ్లీ రాసింది.

"ఇది ఆడి చూడాలి," అంది. "గబగబా ఆడేవాళ్లు పనికిరారు. ఎంత కరిగినా కదలకుండా మొండికేసి కూర్చునేవాళ్లు ఇద్దరు కావాలి. నాకు తెలిసి ఈ ఊళ్లో అంత మొండివాళ్లు ఇద్దరే."

ఆయన అర్థం కానట్టు చూశారు. తర్వాత అర్థమైంది. టోపీని గట్టిగా పట్టుకున్నారు.

"నేను వెళ్లను."

"ఎందుకని?"

"వాడు తలెత్తి చూస్తే ఏం మాట్లాడాలి?"

"టోపీ ఇచ్చేసి రండి, చాలు."

"టోపీ ఇస్తే ఇక రాడు."

ఆమె రూలు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. మెట్లు దిగుతుంటే పైనుంచి ఆయన, "నేను పిలిచానని మాత్రం చెప్పకు" అన్నారు. కింద అత్తయ్య గుమ్మం దగ్గరే ఉంది. "ఆయనే పిలిచారని చెప్పు," అంది, గొంతు తగ్గించకుండా. "ఆర్నెల్లుగా ఆయన ఎవర్ని పిలుస్తున్నారో ఈ మెట్లకు కూడా తెలుసు."

గడియారాల కొట్టు రెండు వీధుల అవతల. మధ్యలో ఎండ. రూల్సమ్మ నడిచింది, ఆగి రూలు కాగితం తీసి చదువుకుంది, మళ్లీ నడిచింది. కొట్టు వెడల్పు ఒక మంచమంత. గోడ నిండా గడియారాలు, ఒక్కటి కూడా అర నిమిషం అటూ ఇటూ లేదు. అన్నీ కలిసి పదకొండూ పది చూపిస్తున్నాయి. అద్దాల బల్ల వెనక మేస్త్రి తల వంచుకుని, చిమటాతో ఏదో చిన్న చక్రాన్ని పట్టుకుని ఉన్నారు. ఆర్నెల్లలో చిక్కిపోయారు.

"కూర్చో అమ్మా. నీ గడియారం ఆగిందా?"

"నా పుస్తకం ఆగింది బాబాయ్."

ఆయన చిమటా కింద పెట్టలేదు. "వాడు పంపాడా?"

"పిలిచానని చెప్పొద్దన్నారు."

మేస్త్రి పెదవి కొస కొద్దిగా కదిలింది. రూల్సమ్మ నిలబడే అంతా చెప్పింది. దుప్పటి కప్పిన బల్ల సంగతి, రెండు గొంతుల సంగతి, ముప్పై ఎనిమిది రిపోర్టుల సంగతి. ఆయన ఎక్కడా అడ్డు రాలేదు. చీటీ ఇంకా కప్పు కిందే ఉందన్నప్పుడు మాత్రం చక్రం జారి బల్ల మీద దొర్లింది. అరచేయి అడ్డం పెట్టి ఆపారు.

"నీలి సేన నేనేనని రాశాడా, అన్నిట్లో?"

"వాడు అని రాశారు."

"వాడంటే నేనే." ఇష్టం లేనట్టుగా అడిగారు. "ఎన్ని గెలిచాను?"

ఆమెకు ఆ లెక్క నోటికి వచ్చు. "ఇరవై ఒకటి మీవి. పదిహేడు ఆయనవి."

"ఇరవై ఒకటా?" మేస్త్రి తలెత్తారు. "నేనుండగా ఎప్పుడూ అన్ని గెలవనివ్వలేదు వాడు."

లేచారు. నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి మేకుకు తగిలించారు. బల్ల మీది చక్రాలను మూతలున్న గిన్నెల్లో సర్దారు, ఒక్కొక్కటే, చిన్నముల్లంత నిదానంగా. రూల్సమ్మ కాళ్లు నిలవడం లేదు. ఐదింటికి ఇంకా ఎంతుందో వద్దన్నా గోడ నిండా కనిపిస్తోంది. ఆయన షట్టరు కొక్కెం అందుకోబోయి, చెయ్యి అక్కడే ఆపేశారు.

"అమ్మాయ్, ఒక్కటి చెప్పు. వస్తే కూర్చుంటాను, వాడు మాట్లాడినా మాట్లాడకపోయినా. కానీ ఆ గోడ సంగతి ఉంది కదా. తురాయి కొస నాకు కనిపించింది. అద్దం లేకపోతే నాకేదీ కనిపించదు, ఉంటే అబద్ధం కనిపించదు. ఆ అద్దంతోనే నలభై ఏళ్లు బతికాను. నన్ను మోసగాడన్నాడు. గోడ రూలు పుస్తకంలో నువ్వే రాసుంటావు. ఏమని తేల్చావు?"

"బాబాయ్, అది..."

"నోటితో వద్దు. అచ్చయిందా?"

ఆమె తలూపింది. అబద్ధం ఆడదామన్న ఆలోచన వచ్చేలోపలే తల ఊగిపోయింది.

"ఉందా నీ దగ్గర?"

ఉంది. రెండో ఫారం ఆమె సంచిలోనే ఉంది, ఇరవై ఒకటో పేజీ పైకి వచ్చేలా మడిచి. మేస్త్రి వెనక్కి వచ్చి తన స్టూలు మీద కూర్చున్నారు. నుదుటి మీదున్న భూతద్దాన్ని కిందికి దించి కంటికి బిగించుకున్నారు. చేయి చాపారు.

"చదువుతాను, ఇవ్వు. చదివాకే షట్టరు."

రూల్సమ్మ చెయ్యి సంచిలోకి వెళ్లింది. వేళ్లకు ఒక పక్క కొత్తగా రాసిన మంచు రూలు తగిలింది, ఇంకో పక్క అచ్చు కాగితం అంచు.

ఆ చెయ్యి ఏ కాగితంతో బయటికి వచ్చిందో ఇప్పుడు చెప్పను. ఈలోగా పాఠకులకు ఒక మనవి. ఈ కొట్టులో ఉన్న ఇద్దరి గురించి ఆదుర్దా పడుతూ, ఇక్కడ లేని మూడో మనిషిని మరిచిపోకండి. రెండు వీధుల అవతల మేడ మీది గదిలో ఒక సర్వేయరు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, బల్ల మీది దుప్పటి పూర్తిగా తీసి మడతపెట్టారు. ఎదుటి కుర్చీ మీద టోపీ పెట్టారు. ఆ పెద్ద బల్ల దగ్గర ఆరు నెలల్లో మొదటిసారి తన వైపు కుర్చీలో కూర్చున్నారు. కూర్చుని ఇప్పటికి అరగంట దాటింది. ఒక్కసారి కూడా లేవలేదు. ఆయన్ని గుర్తుపెట్టుకోండి.